అయిదూ నలభైకి అంతా సవ్యం

చేతికి గ్రీజు ఉంటే పుస్తకం పాడవుతుంది. పుస్తకం పాడైతే ఇన్‌స్పెక్టరు మేస్త్రీని తిడతాడు, మేస్త్రీ రైలు పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్‌ని తిడతాడు, కీమ్యాన్ తిట్టడానికి కింద ఇంకెవరూ లేరు కాబట్టి నోరు మూసుకుని ఇంటికెళతాడు. అందుకని ఆ సెక్షన్‌లో ఎన్నేళ్ల నుంచో ఒక పద్ధతి పడిపోయింది. పొద్దున్నే సామాన్ల గదిలో సుత్తీ, స్పానరూ, ఎర్రజెండాలూ ముట్టుకోకముందే, చేతులు శుభ్రంగా ఉండగానే, ఏ మైలురాయి దగ్గరికి ఎన్నింటికి చేరతాడో మొత్తం రాసేసి, కింద సంతకం గిలికేసి, అప్పుడు బయల్దేరడం. టైములు రోజూ అవే, నడిచే కాళ్లూ అవే. ఇందులో తప్పేముందని ఎవరూ అనుకోలేదు.

ఆ పుస్తకమే ఇప్పుడు మేస్త్రీ బల్ల మీద తెరిచి ఉంది. మూడు రోజుల కిందట ఏటి వంతెన మీద, పొద్దున ఆరూ ముప్పై అయిదుకి, ప్యాసింజరు బండి కింద బాంబు పేలింది. రెండు పెట్టెలు ఏట్లో పడ్డాయి, ఒకటి వేలాడింది. ఇరవై ముగ్గురు పోయారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రేడియోలో తలో మాటా చెబుతున్నారు గానీ, పోయినవాళ్లలో ఒక్కరికీ ఆ గొడవతో సంబంధం లేదు.

బల్లకి అవతల కూర్చున్న దర్యాప్తు అధికారి చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుంది. పట్టాల పని చేసే గ్యాంగువాళ్లు అప్పుడే ఆయనకి పెన్సిల్‌గారని పేరు పెట్టేశారు. మనుషులు చచ్చినచోట కూడా మనుషులకి పేర్లు పెట్టడం మానరు పనివాళ్లు. మానితే పని సాగదు.

“ఈ సంతకం నీదేనా?” అన్నాడు పెన్సిల్‌గారు, ఎదురుగా ఉన్న కీమ్యాన్‌తో.

“నాదే సార్.”

“అయిదూ నలభైకి వంతెన అవతలి గట్టు, అంతా సవ్యం. ఇది రాసింది నువ్వేనా?”

“నేనే సార్.”

“ఆ రోజు వంతెన దాటావా?”

అధికారి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మేస్త్రీ దగ్గాడు. మేస్త్రీకి దగ్గు జబ్బేమీ లేదు. కీమ్యాన్ ఆయన మొహం చూశాడు, పుస్తకం చూశాడు.

“దాటాను సార్.”

“వంతెన మీద ఎవరైనా కనిపించారా?”

“ఎవరూ లేరు సార్.”

పెన్సిల్‌గారు చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఏదో రెండు ముక్కలు రాసుకున్నాడు. తర్వాత లేచి కీమ్యాన్ భుజం తట్టాడు. “బాంబు పేలగానే ఎర్రజెండా పట్టుకుని మైలున్నర పరిగెత్తావట. వెనకొచ్చే మెయిలుని ఆపావట. ఎన్ని వందల ప్రాణాలు నిలబెట్టావో తెలుసా? నీకు మెడల్ ఇప్పిస్తున్నారు” అన్నాడు.

పరిగెత్తిన మాట నిజమే. ఆ బండి తనని దాటి వెళ్లినప్పుడు తలుపు దగ్గర ఒకాయన పళ్లు తోముకుంటూ నిలబడి ఉన్నాడు. నురగ నోటితోనే కీమ్యాన్‌కి తలూపాడు. ఆ తర్వాత అయిదు నిమిషాలకే భూమి అదిరింది. ఏం జరిగిందో బుర్రకి ఎక్కేలోపే కాళ్లు స్టేషను వైపు పరుగు తీశాయి. అదంతా నిజమే. వంతెన దాటానన్నదే అబద్ధం.

వంతెనకి ఇవతలి సగంలో మనిషి నడిచే చెక్కలు పుచ్చిపోయి మూడేళ్లయింది. కొత్తవి వేయమని మేస్త్రీ అర్జీ మీద అర్జీ పెట్టాడు. దున్నపోతు మీద వాన. ఒకసారి కాలు జారి, పట్టాల కింది స్లీపర్ల మధ్య తొడ దాకా ఇరుక్కుపోయి, బండి వచ్చేలోపు ఎలా బయటపడ్డాడో కీమ్యాన్‌కే తెలియదు. ఆ రోజే అవతలి సెక్షన్ కీమ్యాన్ అన్నాడు: “బావా, అవతల్నుంచి చెక్కలు బాగానే ఉన్నాయి. నడిమి దాకా వచ్చి వంతెన మొత్తం నేనే చూసుకుంటాలే. నువ్వు గట్టు దాకా వచ్చి తిరిగిపో.” అతను ఎప్పుడూ ఈల వేసుకుంటూ నడుస్తాడు కాబట్టి అందరికీ ఈలబావ. పుస్తకంలో మాత్రం వంతెన ఇద్దరిదీ. పేలుడు జరిగిన రోజున ఈలబావ భార్యకి నొప్పులొచ్చి, అతను ఏడింటికి గానీ బయల్దేరలేదు. అంటే ఆ పొద్దున వంతెనని ఎవరూ చూడలేదు.

ఈ మాట ఇద్దరూ ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు. ఎదురుపడితే ఒకరి కళ్లు ఒకరు తప్పించుకున్నారు.

*

తర్వాతి రెండు రోజులూ గ్యాంగంతా వంతెన మీదే. విరిగిన పట్టాని కోసి తీయడం, కొత్తది భుజాల మీద మోసుకొచ్చి దించడం, అతుకు దగ్గర రెండు పట్టాలనీ కలిపే ఫిష్‌ప్లేటు పెట్టి నాలుగు బోల్టులూ బిగించడం, స్లీపరు స్లీపరుకీ కీ కొట్టడం. పట్టాని కదలకుండా పట్టి ఉంచే గుప్పెడంత ఇనుప ముక్క, కీ. సుత్తితో కొడితే బిగిసిన కీ ఒకలా పలుకుతుంది, వదులుది ఒకలా. కళ్లు మూసుకున్నా చెప్పగలడు కీమ్యాన్. పని దొరికినందుకు అతనికి హాయిగా ఉంది. వంగి ఉన్నంతసేపూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

కానీ వంతెన అవతలి కొసన, బాంబు పెట్టినచోట, స్లీపర్ల సందులోంచి కిందికి చూసినప్పుడు అతని చెయ్యి ఆగిపోయింది. అక్కడ కట్టిన తాడు ముక్క ఇంకా గర్డరుకి వేలాడుతోంది, నీలం నైలాను తాడు. అలా వంగి నడిచేవాడికి అది కనిపించకపోవడం ఉండదు. గుడ్డివాడికైనా కనిపిస్తుంది.

“ఏంట్రా హీరో, సుత్తి బరువెక్కిందా?” అన్నాడు పక్కనున్న గ్యాంగ్‌మ్యాన్.

“ఎక్కింది” అని మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

అయిదో రోజు పేపర్లో ఫొటో వచ్చింది. పదో తరగతి చదివే కూతురు వంటగది గడప మీద కూర్చుని పైకి చదువుతోంది. నిందితుడు దొరికాడట. ఫొటో చూడగానే కీమ్యాన్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. అది గోతాం.

గోతాం అసలు పేరు ఎవరికీ తెలియదు. భుజాన గోతాం వేసుకుని పట్టాల వెంట తిరుగుతూ రైల్లోంచి విసిరేసే సీసాలూ డబ్బాలూ ఏరుకునే మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. నోట్లో నాలుక లేనివాడు, ఎవరేమన్నా నవ్వుతాడు. వంతెన మీద సీసాలు బాగా చిక్కుకుంటాయి కాబట్టి పొద్దున్నే ఇవతలి సగంలో కోతిలా ఎక్కి తిరుగుతుంటాడు. గట్టు మీద కీమ్యాన్ కనిపిస్తే చెయ్యి ఊపుతాడు, ఈయనా ఊపుతాడు. పేలుడు రోజు మాత్రం కీమ్యాన్ గట్టుకొచ్చే టైముకి అతను లేడు.

కూతురు చదువుతోంది. “అయిదూ నలభైకి కీమ్యాన్ వంతెనను పూర్తిగా తనిఖీ చేశాడు. అప్పటికి అక్కడ ఏ వస్తువూ లేదు. ఆరు గంటలకి నిందితుడు గోతాంతో వంతెన ఎక్కడం చేపలు పట్టేవాళ్లు చూశారు. ఆరూ ముప్పై అయిదుకి పేలుడు జరిగింది. ఈ మధ్యకాలంలో వంతెన మీదికి వేరెవరూ వెళ్లలేదు కాబట్టి…” చదవడం ఆపి తలెత్తింది. “నాన్నా, నీ వల్లే దొరికాడు! నా క్లాసులో అందరికీ చెబుతా.”

“చెప్పకు” అన్నాడు కీమ్యాన్.

కూతురికేం తెలుసు? పొయ్యి దగ్గరున్న భార్య మాత్రం వెనక్కి తిరిగి మొగుడి మొహం ఒకసారి చూసి, గిన్నె దించి, మళ్లీ చూసింది.

ఆ సాయంత్రం ఈలబావ ఇంటికి వెళ్లాడు. బాలింత లోపల పడుకుని ఉంది. పసిగుడ్డుని భుజాన వేసుకుని ఈలబావ వాకిట్లో తిరుగుతున్నాడు. అతను ఈల వేయడం మానేసి అయిదు రోజులైంది.

“చదివావా?” అన్నాడు కీమ్యాన్.

“చదివాను.”

“వాడు కాదు బావా. ముందురోజు పొద్దున నువ్వు చూసి వెళ్లినప్పటి నుంచీ ఆ వంతెనని ఎవరూ చూడలేదు. రాత్రంతా ఎవడైనా పెట్టుండొచ్చు. అయిదూ నలభైకి ఏమీ లేదని నేను రాయబట్టే ఆ గంటా వాడి మెడకి చుట్టుకుంది.”

“నువ్వొక్కడివే రాశావా? అందరమూ రాస్తాం. మేస్త్రీ రాయిస్తాడు. ఇన్‌స్పెక్టరుకి తెలుసు. తిలాపాపం తలా పిడికెడు.” ఈలబావ బిడ్డని రెండో భుజానికి మార్చాడు. “చెబితే మొదట పోయేది నువ్వు. వెనకే నేను. క్వార్టర్సు ఖాళీ చేయమంటారు. ఇరవై ముగ్గురి చావు మన నెత్తిన వేస్తారు. ఆ తల్లులు మనల్ని రాళ్లు పెట్టి కొడతారు. నీ కాళ్లు పట్టుకుంటా బావా, ఊరుకో. కోర్టులో తేలుతుందిలే వాడు కాదని.”

“తేలేలోపు వాణ్ణి ఏం చేస్తారో?”

బిడ్డ ఏడుపు అందుకుంది.

మేస్త్రీ దగ్గరికి వెళితే ఆయన వినకముందే చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు ఏమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. పుస్తకంలో ఉన్నదే జరిగింది. వచ్చే సోమవారం మెడల్. చొక్కా ఇస్త్రీ చేయించుకో.”

*

ఎనిమిదో రోజు పొద్దున కీమ్యాన్ డ్యూటీలో ఉన్నాడు. వదులైన కీ ఒకటి కొడుతుంటే పట్టా పక్క కంకరలో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. అరవై దాటిన ఆడమనిషి, భుజాన గోతాం. కొడుకు గోతామే. సీసాలు ఏరుతోంది గానీ చూపు వాటి మీద లేదు.

“నాయనా, నువ్వు రోజూ ఇటే నడుస్తావా?” అంది.

“నడుస్తానమ్మా.”

“మావాణ్ణి ఎరుగుదువా? ఇక్కడే ఏరుకునేవాడు. వాడికి దీపావళి టపాకాయంటేనే…” అనబోయి ఆగింది. “చిన్న శబ్దమైనా భయం నాయనా. చీకట్లో బయటికి పోవాలంటే నన్ను తోడు రమ్మంటాడు. ఎనిమిది రోజులైంది. చూడనివ్వట్లేదు. రైలు ఆఫీసువాళ్లు ఎవరైనా ఒక్కరు మంచివాడని చెబితే వదిలేస్తారని గేటు దగ్గర పోలీసు చెప్పాడు. అందుకని పట్టాలు పట్టుకుని వస్తున్నా, కనిపించినవాళ్లనల్లా అడుగుతున్నా. నువ్వెప్పుడైనా చూశావా వాణ్ణి, వంతెన మీద?”

చూశానని అంటే, ఎక్కణ్ణుంచి చూశావంటారు. గట్టు మీద నుంచి. మరి వంతెన ఎప్పుడు దాటావంటారు. ఒక్క దారం లాగితే బట్టంతా ఊడి వస్తుంది.

“చూళ్లేదమ్మా” అన్నాడు.

ఆవిడ తల ఊపింది. ఆ జవాబుకి అలవాటు పడిపోయినట్టుంది. “సరే నాయనా, పనిలో ఉన్నావు” అని ముందుకి కదిలింది. కీమ్యాన్ సుత్తి ఎత్తి కీ మీద కొట్టబోయి పట్టా మీద కొట్టాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో గురి తప్పడం అదే మొదలు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపి, అలాగే ఉండిపోయాడు. కూతురు పక్కింటికి వెళ్లింది. భార్య ఎదురుగా చతికిలబడింది.

“చెప్పు. అయిదు రోజుల నుంచీ మింగలేక కక్కలేక ఉన్నావు. ఆ మెడల్ మాటొస్తే తేలు కుట్టిన దొంగలా చూస్తున్నావు. ఏం చేశావు?”

చెప్పాడు. గ్రీజు దగ్గర్నుంచీ నీలం తాడు దాకా అంతా చెప్పాడు. ఆ తలుపు దగ్గర పళ్లు తోముకున్నాయన గురించి కూడా చెప్పి, అక్కడ ఏడ్చాడు. భార్య కదలకుండా వింది. ఇది విన్నాక ఏ ఇల్లాలికైనా మొదట కళ్ల ముందు మెదిలేది ఈ రెండు గదులూ, పిల్ల చదువూ, రేపటి పొయ్యీ. ఆవిడకీ అవే మెదిలాయి; మనిషి కదా.

“ఉద్యోగం పోతుందా?” అంది చివరికి.

“పోతుంది.”

“జైలా?”

“తెలీదు.”

భార్య లేచి, అతని కంచంలో చల్లారిన అన్నం తీసేసి వేడిది పెట్టింది. “వెళ్లమని నేను అనలేను. నాకంత గుండె లేదు. వద్దంటే మాత్రం ఆ ముసలమ్మ నాకు కలలోకి వస్తుంది. నీ ఇష్టం. తిను ముందు.”

పదకొండో రోజు పొద్దున, అంటే మెడల్ ఇచ్చే సోమవారం నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. సభ జరిగే రైల్వే హాలు కుడివైపు. పోలీసు కచేరీ ఎడమవైపు. సందు మొదట్లో మేస్త్రీ ఎదురయ్యి, “అటెక్కడికి?” అని కేకేశాడు. కీమ్యాన్ వెనక్కి తిరగలేదు.

*

పెన్సిల్‌గారు అన్నీ విన్నాడు. ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు, ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. పెన్సిల్ చెవి వెనకే ఉంది. అంతా అయ్యాక బల్ల సొరుగులోంచి ఒక ఫైలు తీశాడు. కాగితాలు తిప్పి, ఒకచోట ఆగి, చదవడం మొదలుపెట్టాడు. చదువుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

“‘నేను పొద్దున్నే సీసాల కోసం వంతెన ఎక్కుతాను. మూడో స్తంభం దాకానే వెళతాను, అవతలికి పోను. నాకు బాంబు తెలీదు. కీమ్యానుగారు వంతెన మీదికి రారు. గట్టు దాకా వచ్చి, నాకు చెయ్యి ఊపి, వెనక్కి వెళ్లిపోతారు. రోజూ అంతే. నా మాట నమ్మకపోతే ఆయన్నే అడగండి. ఆయన పెద్దమనిషి. అబద్ధం ఆడరు.’”

ఫైలు మూశాడు.

“ఇది పేలుడు జరిగిన రోజు మధ్యాహ్నం వాడిచ్చిన వాంగ్మూలం. మావాళ్లు నవ్వారు. పుస్తకంలో సంతకం ఉంది, చూడరా అన్నారు. నాకే ఎందుకో అనుమానమేసి, మూడో రోజు మీ మేస్త్రీ గదికి వచ్చాను. వచ్చింది అందుకే. నిన్ను అడగడానికే. అడిగాను.”

కీమ్యాన్ మూసిన ఫైలు వైపు చూశాడు.

“దాటాను సార్, అన్నావు” అన్నాడు పెన్సిల్‌గారు. “నేను తిరిగి వచ్చి, పెద్దమనిషి దాటానన్నాడురా అని చెప్పాను. వాడు నమ్మలేదు. ఆయన అలా అనడు, మీరు వేరేవాళ్లని అడిగుంటారు అన్నాడు. ఆ తర్వాత నేను పక్కగదికి వెళ్లిపోయాను. మావాళ్ల చేతికి వదిలేసి వెళ్లిపోయాను.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాలుగో రోజుకి, బాంబు నేనే పెట్టాను అని సంతకం చేశాడు. వాడికి సంతకం రాదనుకో. వేలిముద్ర.”

గోడ అవతల ఎక్కడో టైపు మిషను టకటకలాడుతోంది. కీమ్యాన్ పదకొండు రోజులూ భయపడింది వేరే దానికి. ఉద్యోగం పోతుందేమో, రాళ్లు వేస్తారేమో, కూతురు మొహం చూడలేడేమో అని. వాడు ఆ గదిలో తనని నమ్ముకుని ఉన్నాడని, తన ఒక్క మాట కోసం మూడు రోజులు ఎదురుచూశాడని అతని ఊహకి కూడా అందలేదు.

“కొట్టండి సార్ నన్ను” అన్నాడు.

“కొడితే ఏమొస్తుంది?” పెన్సిల్‌గారు తెల్లకాగితం ముందుకి తోశాడు. “మొదట్నుంచీ రాయి. రాసినంతా చదువుకుని, అప్పుడు కింద సంతకం పెట్టు.”

*

రాసిన మూడో రోజుకి సస్పెన్షన్ కాగితం వచ్చింది. క్వార్టర్సు ఖాళీ చేయడానికి నెల గడువు. ఈలబావని కూడా ఇంటికి పంపారు. అతను ఎదురుపడితే ఉమ్మేసి వెళ్లిపోతున్నాడు. పేపర్లో హీరో ఫొటో పక్కనే దొంగ సంతకం అని వేశారు. చచ్చిపోయినవాళ్ల తాలూకు మనిషి ఒకాయన ఇంటికొచ్చి, ఏమీ అనకుండా, గుమ్మం ముందు గంటసేపు కూర్చుని లేచి వెళ్లాడు. దానికన్నా కొట్టినా బాగుండేది. అసలు దోషులు ఎవరో ఇంకా దొరకలేదు.

రాసిన అయిదో రోజు గోతాంని వదులుతున్నారని తెలిసి కచేరీకి వెళ్లాడు. ఎందుకు వెళ్లావంటే చెప్పలేడు. ఎదురుగా నిలబడి తిట్టించుకోవాలని, చెంపదెబ్బైనా తినాలని మనసులో ఉందేమో.

గోతాం మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఆగి, దిగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి ఉన్నాయి. ఎప్పుడూ నవ్వే ఆ మొహం ఎండలో కళ్లు చికిలించి నేల వైపే చూస్తోంది. తల్లి గేటు లోపలికి పరిగెత్తి పట్టుకుంది. ఏడవలేదు. చేతులూ, మెడా, వీపూ తడిమి చూసుకుంది.

కీమ్యాన్ దగ్గరికి వెళ్లాడు. గోతాం తల ఎత్తలేదు.

“నువ్వా నాయనా?” అంది తల్లి. గుర్తుపట్టింది. “పట్టాల మీద కనిపించావు కదూ.”

“అమ్మా, ఆ పుస్తకంలో సంతకం నాదే. వంతెన దాటానని అబద్ధం చెప్పింది నేనే. తర్వాత వచ్చి నిజం చెప్పిందీ…” అని, ఆ రెండో మాట తన నోటికే రోతగా అనిపించి ఆపేశాడు.

తల్లి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“నేను అడిగిన రోజు చెప్పుంటే?” అంది. “వేలిముద్ర వేశాక కూడా, తోడు ఎవరో చెప్పమని కొట్టారట. ఆ రోజుకి వీడి కుడికాలు బాగానే ఉందట.”

కీమ్యాన్ తల దించాడు. గోతాం కాళ్లకి చెప్పుల్లేవు.

ఆవిడా అటే చూసింది. “వీడి చెప్పులు లోపలే ఉండిపోయాయి. నన్ను పోనివ్వట్లేదు. నిన్ను రానిస్తారుగా. తెచ్చిపెట్టు.”

కీమ్యాన్ లోపలికి పరుగున వెళ్లాడు. ఈ గదిలో అడిగితే ఆ గదిలో అన్నారు. ఆ గదిలో జవాను మూల గుట్టగా పడున్న సామాన్లు కాలితో కదిపి, వెతుక్కోమన్నాడు. బెల్టులూ, సంచులూ, ఎవరివో కళ్లజోళ్లూ తీసి పక్కన పెట్టి, అట్టడుగున దొరికాయి. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, ఒకదానికి పట్టీ తెగితే తీగ చుట్టి ఉంది. చొక్కా అంచుతో దుమ్ము తుడిచి బయటికొచ్చాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు.

వీధిలో చాలా దూరం వెళ్లిపోయారు ఇద్దరూ. గోతాం తల్లి భుజం మీద చెయ్యేసి, వొట్టి కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.

“అమ్మా, ఆగండి! చెప్పులు!” అని పిలుస్తూ కీమ్యాన్ పరిగెత్తాడు.

వెనక నుంచి పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు విన్నాడు గోతాం. తిరిగి చూడలేదు. తల్లి చెయ్యి పట్టుకుని లాగుతూ తనూ పరిగెత్తబోయాడు. కుడికాలు రాలేదు. తూలి మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు, మళ్లీ పరిగెత్తబోయాడు.

కీమ్యాన్ ఆగిపోయాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, వాళ్లు మలుపు తిరిగేదాకా ఇంకొక్క అడుగు కూడా వేయకుండా, వీధి మధ్యలో అలాగే నిలబడ్డాడు.